మిషను చదవని లైను

ఆగు అని చెప్పే ఆ ఒక్క లైనూ తీసేశాను, ఫైలు సేవ్ చేశాను, బండ్లన్నిటికీ పంపేశాను, ఇక నా పని అయిపోయినట్టే, కుర్చీ వెనక్కి జరుపుకుని చల్లారిపోతున్న టీ తాగొచ్చు, కానీ చెయ్యి మౌసు మీంచి లేవనంటోంది. ఎందుకు రాశాను ఆ లైను? రాసింది నేనే, అందులో అనుమానం లేదు, ఆ ఫైలు పుట్టిన దగ్గర్నుంచి దాన్ని ముట్టుకున్నది నేనొక్కదాన్నే, ఈ గదిలో ఇంకెవరికీ అది ఎక్కడుంటుందో కూడా తెలియదు, మరి నేను రాసిన లైను ఎందుకు రాశానో నాకే తెలియకపోతే ఇంకెవరిని అడగాలి? ఊరికే రాసే మనిషిని కాదు. ఆ మాత్రం నా గురించి నాకు తెలుసు. తాళం వేశానా లేదా అని సగం వీధి నడిచాక వెనక్కి వచ్చి గొళ్ళెం లాగి చూసుకునే రకాన్ని, అలాంటిదాన్ని ఒక ప్రోగ్రామును పాత వెర్షను దగ్గర కట్టేసి ఇన్నేళ్ళు అలాగే ఉంచానంటే ఏదో ఉండే ఉంటుంది. ఆ ఏదో ఏమిటో మనసుకు అందడం లేదు, చెయ్యి మాత్రం మౌసును వదలడం లేదు, అదీ గుర్తు రావడంలో ఒక రకమే కాబోలు.

మాది అంబులెన్సుల కంట్రోలు రూము. ఫోను మోగుతుంది, మైకు ముందు కూర్చునే అక్క ఎత్తుతుంది, ఎవరో ఏడుస్తూనో అరుస్తూనో చిరునామా చెబుతారు, ఆవిడ టైపు చేస్తుంది, దగ్గర్లో ఉన్న బండిలో డ్రైవరు ముందున్న స్క్రీను మీద నీలం గీత పడుతుంది, డ్రైవరు ఆ గీత వెంట పోతాడు. గీత గీసేది దారి ప్రోగ్రాము. ఆ ప్రోగ్రామునీ దాని చుట్టపక్కాలనీ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, కొత్తది వస్తే ఏది మార్చుకోవాలి, ఏది పాతదాని దగ్గరే ఆగిపోవాలి అని చూసుకునేది ప్యాకేజీ మేనేజరు, ఇంటికి సరుకులు తెచ్చిపెట్టే మనిషి లాంటిదన్నమాట, చెబితే చెప్పినట్టు తెస్తుంది, చెప్పకపోతే బజార్లో ఏది కొత్తదైతే అది తెస్తుంది. దానికి మనం చెప్పే మాటలన్నీ ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంటాయి. బొమ్మలుండవు, రంగులుండవు, ఎడమపక్క పేరు, మధ్యలో ఈక్వల్ గుర్తు, కుడిపక్క విలువ, అక్షరాలొచ్చిన వాళ్ళెవరైనా చదవొచ్చు, కానీ ఎవరూ చదవరు. దాన్ని చదవడం, రాయడం, బండ్లకు పంపడం నా ఉద్యోగం. మీ ఆవిడ ఏం చేస్తుందిరా అని స్నేహితులు అడిగితే మా ఆయన, ఫైళ్ళు చూస్తుంది అంటాడు, వాళ్ళు బీరువాలూ దుమ్మూ తాళాలగుత్తీ ఊహించుకుని పాపం అనుకుంటారు.

పొద్దున్న మీటింగులో మా పైఅధికారి గడియారం సారు అడిగాడు. ఆ పేరు పెట్టింది డ్రైవర్లు, ఎవరితో మాట్లాడుతున్నా ఆయన చూపు మణికట్టు మీదే ఉంటుందని. చెడ్డవాడు కాదు, ఆ కుర్చీలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు, వచ్చిన కొత్తలోనే నెత్తి మీద పిడుగు పడింది. పోయిన వారం ఒక బండిలో స్క్రీను బిగుసుకుపోయింది, లోపల ఊపిరాడని ముసలాయన, గీత కదలదు, డ్రైవరు దిగి దారినపోయే వాళ్ళను అడుగుతూ వెళ్ళాడు. ముసలాయన బతికాడు గానీ ఆయన కొడుకు ఇక్కడికొచ్చి అరిచిన అరుపులు ఈ గోడల్లో ఇంకా ఉన్నాయి. పాత వెర్షనుకు ఆ జబ్బు ఉందట, కొత్తదాంట్లో నయం చేశామని తయారుచేసిన వాళ్ళే రాశారు. "మరి మనం ఎందుకు మార్చుకోలేదమ్మా?" అన్నాడు సారు. "ఆపి ఉంచాం సార్." "ఎందుకు?" అందరి ముందూ పెద్ద స్క్రీను మీద ఫైలు తెరిచాను, దారి ప్రోగ్రాము పేరు, ఈక్వల్ గుర్తు, ఆగు. కారణం పైనా లేదు, కిందా లేదు. "కారణం రాసే ఉంటాను సార్." "రాస్తే కనబడాలి కదమ్మా." ఆ మాటలో వెటకారం ఏ కోశానా లేదు, అందుకే ఎక్కువ మండింది, వెటకారమైతే తిరిగి ఒకటి అని ఊరుకునేదాన్ని. కొత్త వెర్షను ఆయనే ఈ గదిలో కూర్చుని పరీక్షించాడు, ఊళ్ళో నాలుగు మూలలకూ దారి అడిగాడు, గీతలన్నీ చక్కగా పడ్డాయి. ఇంకేం చెప్పను? సరే సార్ తీసేస్తానన్నాను, వచ్చి కూర్చుని తీసేశాను.

రాసే ఉంటాను. అది నా అలవాటు. లైను మొదట ఒక గుర్తు పెడితే మిషను ఆ లైను చదవకుండా దాటిపోతుంది, అది మనుషుల కోసం, రేపు ఈ కుర్చీలో కూర్చునే వాళ్ళ కోసం, నా ఫైళ్ళలో మిషను చదివే లైన్ల కంటే చదవని లైన్లే ఎక్కువ ఉండేవి, ఏంటిది ఫైలా నవలా అని ఎగతాళి చేసేవాళ్ళు. ఉండేవి. మరి ఇప్పుడేవి? ఏ ఫైలు తెరిచినా పేరు, విలువ, పేరు, విలువ, అక్షర క్రమంలో, బడిపిల్లల్లా వరసగా. వరసగా ఎవరు నిలబెట్టారు? నా సర్దుడు ప్రోగ్రాము. పోయిన వేసవిలో బండ్లు ఎక్కువై, ఫైళ్ళు చేత్తో దిద్దలేక, ఫైలు చదివి, అడిగిన విలువ మార్చి, వరసలో పేర్చి, శుభ్రంగా తిరిగి రాసే చిన్న ప్రోగ్రాము రాశాను, అందరూ మెచ్చుకున్నారు. చదవడమంటే దాని దృష్టిలో ఏమిటి? పేరూ విలువా. గుర్తు పెట్టిన లైను వస్తే మిషను లాగే అదీ దాటేసింది, దాటేసినది దాని చేతిలో లేదు, చేతిలో లేనిదాన్ని తిరిగి ఎలా రాస్తుంది? దాన్ని నడిపిన మొదటి రోజే నా మాటలన్నీ చెత్తతో పాటు ఊడ్చుకుపోయి ఉంటాయి. దానికి పరీక్ష కూడా పెట్టాను, చదువు, రాయి, రాసింది మళ్ళీ చదువు, రెండు చదువులూ ఒకటేనా చూడు అని. ఒకటేనంది. ఒకటి కాక ఏమవుతుంది, మిషను చదివేదంతా రెండు చోట్లా భద్రంగా ఉంది, పోయింది మిషను చదవనిది, దాన్ని లెక్కలోకే తీసుకోని పరీక్షకు దాని లోటు ఎలా తెలుస్తుంది? ఇంత తెలివైన సంగతి మీటింగులో తట్టలేదు, ఇప్పుడు తట్టింది, లైను తీసేశాక. పాత కాపీలు చూద్దామంటే మిషను మార్చినప్పుడు తాజా కాపీ ఒక్కటి చాలనుకుని అదొక్కటే తెచ్చుకున్నాం. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది, కానీ గోడ మీద బోర్డుంది.

టీవీ లాంటి ఆ బోర్డు మీద బండ్ల పేర్లు. నంబర్లున్నా ఎవరూ వాడరు, డ్రైవర్లు పెట్టిన పేర్లే వాడతారు, ముసలమ్మ, తూనీగ, సైరను బొంగురుపోయిన మూగది, అన్నిటికంటే పెద్దది ఏనుగు. ఏనుగు మా ఆయనది. పాత వెర్షనున్న బండి పేరు పసుపు రంగులో ఉంటుంది, కొత్తది తెచ్చుకుంటే ఆకుపచ్చ అవుతుంది. బండి యార్డులోకి వచ్చి గేటు పక్కనున్న వైఫై అందుకోగానే ప్యాకేజీ మేనేజరు నేను పంపిన ఫైలు చదువుకుంటుంది, ఆగు అన్న మాట లేదు కదా అని కొత్తది తెచ్చి పెట్టేసుకుంటుంది, డ్రైవరుకు తెలియనే తెలియదు. ముసలమ్మ అప్పుడే పచ్చబడింది. తూనీగ గేటు దగ్గరకొచ్చింది. ఇప్పుడైనా ఆ లైను తిరిగి పెట్టేయొచ్చు, ఎంతసేపు, ఒక్క మాట టైపు చేయడమేగా. చేసి సారుకేం చెప్పాలి, చెయ్యి మౌసును వదల్లేదని చెప్పాలా? రేపు ఇంకో బండిలో స్క్రీను బిగుసుకుపోయి లోపలి మనిషి పోతే, ఆ మనిషి కొడుకొచ్చి ఇక్కడ నిలబడితే, బాబూ ఆ పూట నా చెయ్యి మౌసును వదల్లేదు అందుకే ఆపానని చెప్పాలా? ఆపితే ఒక భయం, వదిలితే ఒక భయం, తేడా ఏమిటంటే ఆపడానికి కారణం లేదు, వదలడానికి ఉంది. తూనీగ పచ్చబడింది.

ఏనుగు ఇంకా పసుపే. పెద్ద రోడ్డు తవ్వేయడంతో ఈ వారం దాన్ని ఊరికి అవతలి వైపు వేశారు, మా ఆయనకు ఆ వీధులు కొత్త. పొద్దున్న షూ లేసులు కట్టుకుంటూ కూర్చుంటే దారులన్నీ ఒకసారి చూసుకుని వెళ్ళొచ్చుగా అన్నాను, "నీ గీత ఉందిగా, ఇంకెందుకు?" అన్నాడు. నా గీత. గీసేది ప్రోగ్రాము అంటే వినడు, నువ్వు చూసుకునేదేగా అంటాడు, ఇంట్లో నేను పప్పులో ఉప్పెంతేశానో నమ్మడు గానీ ఆ గీతను కళ్ళు మూసుకుని నమ్ముతాడు. ఆలోచించు. ఎప్పుడు రాశావో దొరికితే ఎందుకు రాశావో అదే దొరుకుతుంది. పోయిన తాళంచెవిని ఎలా వెతుకుతాం, చివరిసారి ఎక్కడ కూర్చున్నాను, చేతిలో ఏముంది, అలా. ల్యాప్‌టాప్ ఎక్కడుంది? ఒళ్ళో. అవును, ఒళ్ళో ఉంది, దాని వేడి తొడలకు తగులుతోంది. ఆఫీసు కాదు, ఆఫీసులో బల్ల ఉంటుంది. ఇల్లూ కాదు. కుర్చీ గట్టిగా ఉంది, ఒకదానికొకటి అతికించిన ప్లాస్టిక్ కుర్చీలు, అటు చివర ఎవరో కాళ్ళూపితే ఇటు నా కుర్చీ కూడా ఊగుతోంది, స్క్రీను మీద అక్షరాలు ఊగుతున్నాయి. నేల తుడిచే మందు వాసన. చక్రాల చప్పుడు. వద్దు. అటు వద్దు, ఇంకెక్కడైనా వెతుకు, టీ తాగు, టీ చల్లారిపోయింది, అక్క ఫోన్లో ఎవరికో నిదానంగా చెబుతోంది, "ఏడవకమ్మా, మీ ఇంటి ముందు ఏముందో చెప్పు, దుకాణమా, ఏం దుకాణం?" ఆ గొంతు ఎంత బాగుంటుందో, ప్రపంచం కూలిపోతున్నా అక్క గొంతు నిమ్మకు నీరెత్తినట్టే ఉంటుంది.

ఆ వారం గురించి మేము మాట్లాడుకోం. నేనూ మా ఆయనా. అమ్మ ఫోటో హాల్లో ఉంది, దుమ్ము తుడుస్తాను, కళ్ళలోకి చూడను. మొదట్లో అతను ఏదో మాట మీద మీ అమ్మ ఉంటేనా అని మొదలుపెట్టేవాడు, నేను లేచి పక్క గదిలోకి వెళ్ళి బట్టలు మడతపెట్టేదాన్ని, మడతపెట్టినవే మళ్ళీ. కొన్నిసార్లు చూశాడు, తర్వాత మానేశాడు. మానేయమని నేను అనలేదు, మాట్లాడమనీ అనలేదు. ఇంట్లో ఒక మనిషి పోతే ఆ మనిషి మాటలు మిగులుతాయంటారు, మా ఇంట్లో వాటినీ నేనే బయటికి పంపేశాను, అలా అయితే గానీ పొద్దున్నే లేచి పనికి రాలేకపోయాను, ఇది తప్పో ఒప్పో తేల్చుకునే ఓపిక కూడా లేకపోయింది. మరి ఆ వారంలో ఫైలెందుకు రాశాను? ఆస్పత్రి వరండాలో కూర్చుని ఎవరైనా ఫైలు రాస్తారా? నేను రాస్తాను. చేతులు ఖాళీగా ఉంటే ఏడుస్తానని రాసి ఉంటాను. అయితే అక్కడే ఉందన్నమాట. ఆ వరండాలోనే.

కిటికీలోంచి ఏనుగు కనబడింది, గేటు దాటి యార్డులోకి వస్తోంది. నేను కుర్చీలోంచి సగం లేచాను, లేచి ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాను. నర్సు దిగి ఖాళీ ఆక్సిజన్ సిలిండరు దించి నిండుది ఎక్కించింది, మా ఆయన అద్దం తుడుస్తూ కిటికీ వైపు చూసి చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను. బోర్డు మీద ఏనుగు పచ్చబడింది. సరిగ్గా అప్పుడే అక్క ఫోను మోగింది, "గుండెల్లో నొప్పా, వాంతి కూడానా, పక్కన ఎవరున్నారు? సరే, వస్తున్నారు," అక్క వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి, "ఏనుగు, నీకే, ఆడమనిషి, గుండె నొప్పి, పంపించాను చూడు." "వచ్చిందక్కా." సైరను. గేటు. ఖాళీ యార్డు. పో, ఇక లాభం లేదు, ఆ వరండాలోకి పో, భయపడినంతసేపు భయపడ్డావు చాల్లే, అక్కడికి వెళితే ఏడుపొస్తుంది అంతేగా, ఏడుపొస్తే వచ్చింది, అతను వెళ్ళిపోతున్నాడు, పో.

సరే. ప్లాస్టిక్ కుర్చీ. పక్కనే చక్రాల మంచం, వార్డులో చోటు లేక వరండాలోనే గోడ వారగా ఉంచారు, స్కానుకు పిలుస్తామన్నారు, ఎంతకీ పిలవరు. మంచం మీద అమ్మ. చెప్పగలుగుతున్నాను కదా, మంచం మీద అమ్మ, దుప్పటి ఛాతీ దాకా, చేతికి సూది, ఆ సూది ఉన్న చెయ్యి కదపకమ్మా అంటే అదే చేత్తో జుట్టు సర్దుకుంటుంది. నన్ను చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో నాకు తెలియదు, నేను ఫైలు చూస్తున్నాను.

"ఏం రాస్తున్నావే అంతసేపట్నుంచీ?"

"ఫైలమ్మా. మా బండ్ల కోసం."

"బండ్లు చదువుతాయా?"

"మిషను చదువుతుంది. ఇదిగో ఈ లైను మాత్రం చదవదు. ఇది మనుషులకి."

"అయితే అదే చదివి పెట్టు. మిగతాది నాకేం అర్థమవుతుంది?"

చదివాను. చదివాను, నా గొంతు నాకు వినిపిస్తోంది, పక్క కుర్చీల వాళ్ళకు వినబడకుండా మెల్లగా, పిల్లలకు కథ చెప్పినట్టు, "దారి ప్రోగ్రాములో కొత్తది వేయకండి. మనం రాసిపెట్టిన బండి ఎత్తును అది ఈ ఫైల్లో చూడదు, వేరే చోట వెతుకుతుంది, దొరక్కపోతే అడగదు, మామూలు కారే అనుకుని రైలు కట్ట కింద నుంచి దారి చూపిస్తుంది. ఇవాళ అక్కడ మన బండి పైన లైటు పగిలింది." అమ్మ నవ్వింది. నవ్వితే కడుపులో నొప్పి, అయినా నవ్వింది, సూది ఉన్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. "అల్లుడైతే గుమ్మం రాగానే తల వంచుతాడు. బండి వంచదుగా పాపం."

అమ్మా.

రైలు కట్ట. ఊరికి అవతల, రైలు పట్టాల కింద నుంచి పోయే ఇరుకు దారి, పైన పాతకాలపు ఇనుప వంతెన, కార్లు పడతాయి, మా బండ్లు పట్టవు. ఆ రోజు ఎవరో డ్రైవరు ఖాళీ బండితో కొత్త వెర్షను చూద్దామని తిప్పాడు, నెమ్మదిగా పోతున్నాడు గనక లైటుతో పోయింది, నాకు ఫోను చేసి నవ్వుతూ చెప్పాడు, ఆ మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు, సారు తర్వాత వచ్చాడు, అక్కా తర్వాతే వచ్చింది. నేను అప్పటికప్పుడు ఆగు అని రాసి, పైన కారణం రాసి, ఇక రాసి పెట్టాను కదా మనసు మోయక్కర్లేదనుకున్నాను. ఆ తర్వాత ఆ వారమంతటి మీదా తలుపేశాను, అమ్మతో పాటు వంతెన కూడా తలుపు వెనకే ఉండిపోయింది. అప్పటి కొత్తది ఇప్పుడు పాతదైపోయి దాని తర్వాత ఎన్నో వచ్చాయి, కానీ ఎత్తు వెతుక్కునే చోటు మాత్రం తయారుచేసిన వాళ్ళు మళ్ళీ మార్చి ఉండరు. సారు అడిగిన దారులన్నీ వంతెనకు ఇవతలివి. ఏనుగు వెళ్ళింది అవతలికి.

"అక్కా, ఏనుగు ఎక్కడుంది?"

"పేషెంటును ఎక్కించుకున్నారు, ఆస్పత్రికి పోతున్నారు. ఏమైంది, అలా ఉన్నావేంటి?"

పెద్ద మ్యాపు మీద చిన్న చుక్క. చుక్క ముందు నీలం గీత, గీత తిన్నగా పోయి కుడివైపు తిరిగి నల్లటి రైలు గీతను అడ్డంగా కోసుకుంటూ పోతోంది, ఎంత చక్కగా, ఎంత దగ్గరి దారిగా. చుక్క మలుపు వైపు పరుగెడుతోంది, సైరను వేసుకుని, లోపల గుండె నొప్పి మనిషి, పక్కన నిలబడి సెలైను పట్టుకున్న నర్సు. "అక్కా ఆపు, బండి ఆపమను, రైలు కట్ట కింద పట్టదు!" అక్క ఎందుకని అడగలేదు, ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను, వెంటనే మైకు నొక్కింది. "ఏనుగు, ఏనుగు, బండి ఆపు." గరగరమన్న చప్పుడు. "ఏనుగు, వినబడుతోందా?" ఏమీ లేదు. సైరను వేస్తే లోపల రేడియో సరిగా వినబడదు, అతనెప్పుడూ చెబుతుంటాడు. చుక్క మలుపు దగ్గరకు వచ్చేసింది. మైకు మేం ముట్టుకోకూడదు, అది ఈ గదిలో మొదటి రూలు, నేను అక్క భుజం మీదుగా వంగి ఆవిడ చేతి మీదే నా చెయ్యేసి నొక్కి గొంతు చించుకుని అరిచాను, పేరు పెట్టి అరిచాను, ఆఫీసులో ఎప్పుడూ పిలవని పేరు, ఇంట్లో పిలిచే పేరు. "ఆగు! బండి ఆపు!"

"ఏంటి? నువ్వా?"

"ఆపు. కుడికి తిరిగాక ముందుకు పోకు. వంతెన కింద బండి పట్టదు."

"గీత అటే ఉందిగా."

"గీత తప్పు. నేను తప్పు పంపాను. ఆపు!"

బ్రేకు కీచుమంది, అది రేడియోలో వినబడింది, దాని వెనకే ఏదో దొర్లిపడిన చప్పుడు, నర్సు ఏదో అరిచింది, వెనకాల హారన్లు, తర్వాత ఏమీ లేదు. అక్క చెయ్యి నా చేతి కింద చల్లగా ఉంది, నాదే చల్లగా ఉందేమో. మ్యాపు మీద చుక్క మలుపు దాటి ఉంది, నల్ల గీతకు ఆనుకుని, కదలడం లేదు. తగిలి ఆగిందా, తగలకముందు ఆగిందా, చుక్కకు ఆ తేడా లేదు. నేను దేవుణ్ణి తలుచుకోలేదు, ఏమీ తలుచుకోలేదు, ఆ చుక్కను చూస్తూ నిలబడ్డాను.

"ఆగాను," అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఎదురుగానే ఉంది. మలుపు తిరిగితే గానీ కనబడదిది. పేషెంటు బాగానే ఉంది, సిలిండరు పడింది, అంతే. వెనక లారీ ఉంది, ఎలా పోను?"

అక్క నా చెయ్యి పక్కకు తీసి మైకు తన ముందుకు లాక్కుంది, గొంతు మళ్ళీ నిదానమైంది, నర్సును పేషెంటు దగ్గరే ఉండమని, దారిన పోయేవాళ్ళెవరినైనా పిలిచి లారీని వెనక్కి పంపించమని, వెనక్కి వచ్చాక ఎడమ పక్క గోడౌన్ల రోడ్డు పట్టుకోమని, ఒక్కో మాటే చెప్పింది. నేను నా కుర్చీలో పడ్డాను. ఫైలు తెరిచాను. ఒక అక్షరానికి రెండు పడుతున్నాయి, తుడిచి మళ్ళీ, దారి ప్రోగ్రాము, ఈక్వల్, పాత వెర్షను, కచ్చితంగా అదే, ఆగు, ఉన్న చోటే ఆగమంటే పచ్చబడ్డవి కొత్తదాని దగ్గరే ఆగిపోతాయి, అందుకని వెనక్కి పొమ్మని కూడా రాయాలి, రాశాను, చదివాను, మళ్ళీ చదివాను, సర్దుడు ప్రోగ్రాముతో కాదు, చేత్తో పంపాను. బయట తిరుగుతున్న ముసలమ్మకూ తూనీగకూ అక్క విడివిడిగా రేడియోలో చెప్పింది, రైలు కట్ట వైపు గీత పడితే గీత మాట వినొద్దని. ఏనుగు చుక్క కదిలింది. వెనక్కి, ఆగి, వెనక్కి, తర్వాత ఎడమకు. ఆ గోడౌన్ల రోడ్డు ఇంత పొడుగని నాకు ఎప్పుడూ తెలియదు. లోపలున్న ఆవిడ ఎవరో నాకు తెలియదు, ఎంత వయసో, పిల్లలున్నారో లేదో, ఆవిడ గుండె ఆ రోడ్డు పొడుగునా కొట్టుకుంటూ ఉండాలని నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆస్పత్రి గేటు దగ్గర చుక్క ఆగింది. రేడియోలో నర్సు గొంతు వచ్చింది. "అప్పగించాం అక్కా. మాట్లాడుతోంది. డాక్టర్లు చూస్తున్నారు, టైముకే వచ్చారన్నారు."

సారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. "కారణం దొరికిందా అమ్మా?" అన్నాడు. దొరికింది సార్ అన్నాను, అక్క వినేలా, ఆయన వినేలా, పైకి చదువుతున్నట్టుగా చెప్పాను, ఎత్తు, ఫైలు, వంతెన, పగిలిన లైటు. ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "మరి స్క్రీను బిగుసుకుపోయే సంగతి?" అని అడిగాడు, అడగాల్సిందే, ఆ జబ్బు ఇంకా అలాగే ఉంది. కొత్తది ఎత్తు ఎక్కడ వెతుకుతుందో అక్కడే రాస్తాను సార్, రాశాక ఖాళీ బండిని అవతలికి పంపి గీత ఎటు పడుతుందో కళ్ళతో చూశాకే మిగతా వాటికి వదులుతాను, సర్దుడు ప్రోగ్రాముకు తనకు అర్థం కాని లైన్లు పారేయకుండా మోసుకురావడం నేర్పిస్తాను, అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, నేను కూడా. "ఇప్పుడు చెప్పినవన్నీ రాయండి," అన్నాడు. రాస్తాను సార్, రాసి మీ అందరికీ చదివి వినిపిస్తాను అన్నాను, ఎందుకన్నానో ఆయనకు అర్థం కాలేదు, సరేనని లేచి వెళ్ళాడు.

మా ఆయన ఫోను చేశాడు, ఆస్పత్రి బయట నిలబడి, వెనక మనుషుల రొద. మెట్ల దగ్గరకు వెళ్ళి ఎత్తాను. మెట్టు మీద కూర్చున్నాను.

"అంత అరుపు అరిచావు, నర్సు నన్ను చూసి నవ్వుతోంది, ఇంట్లో నిన్ను అలా పిలుస్తుందా అని," అన్నాడు. అతని గొంతు ఇంకా కుదురుకోలేదు, కుదురుకుందని నన్ను నమ్మించడానికి హాస్యమాడుతున్నాడు. "ఆ వంతెన సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు. రాసుకున్నాను. రాసింది పోయింది."

"మరి ఇప్పుడెలా గుర్తొచ్చింది?"

ఏదో అలా వచ్చింది అనొచ్చు. అంటే సరే అనేవాడు, ఇన్నాళ్ళూ అన్నట్టే, ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు, నేను మడతపెట్టిన బట్టలు మళ్ళీ మడతపెట్టేదాన్ని. "అది రాసిన రోజు అమ్మకి చదివి వినిపించాను," అన్నాను. "ఆస్పత్రిలో. వరండాలో." అతను ఎక్కడికో పక్కకు నడిచాడు, రొద తగ్గింది. నేను లేచి వెళ్ళిపోతానేమోనని చూస్తున్నాడు, ఫోన్లో అయినా.

"ఏమంది?" అన్నాడు, చాలా మెల్లగా.

చెప్పాను. గుమ్మం మాట, తల వంచడం మాట, బండి మాట, అమ్మ అన్నది అన్నట్టే, చివర పాపం అనడంతో సహా. అతను ముందు ఒక్కసారి గట్టిగా నవ్వాడు, ఆ నవ్వు మధ్యలోనే మారిపోయింది, నాదీ అంతే, మెట్ల మీద ఎవరో దిగుతూ నన్ను చూసి పక్క నుంచి జరిగి పోయారు, పోనీ. ముక్కు ఎగబీలుస్తూ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

"మీ అమ్మ ఇంకేమనేది?" అన్నాడు. "చెప్పు. ఇక్కడే ఉన్నాను."